రోండా కొండదారి చూసొచ్చిన ఇర్యా వదిన

మా అన్న కౌకో ఒక బస్సు డ్రైవరును పెళ్ళి చేసుకోబోతున్నానని చెప్పిన రోజు, మా అమ్మ పొయ్యి మీది కాఫీ సంగతే మరిచిపోయింది. ఆ రోజుల్లో ఫిన్లాండులోని మా ఊరు తంపెరెలో బస్సు నడిపే ఆడవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేటంతమంది. వాళ్ళలో ఒకతె ఇర్యా. వెడల్పు భుజాలు, పొదుపైన మాట. మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు మా అమ్మ, "మంచులో అంత పెద్ద బండి తిప్పుతావు, భయం వెయ్యదామ్మా?" అని అడిగితే, "వేస్తుందండీ. అందుకే నెమ్మదిగా తిప్పుతాను" అన్నది. మా అమ్మకు ఆ జవాబు నచ్చింది. నాకూ నచ్చింది గాని, ఆడపడుచుని కదా, ఆ మాట పైకి అనడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఒక జనవరిలో ఆమె బస్సు హెర్వాంత దారిలో ఆగిపోయింది. బయట చలి గడ్డం మీద తేమను గడ్డకట్టించేలా ఉంది. ఇంకో బస్సు రావడానికి చాలా సేపు పడుతుందన్నారు. వదిన తన సీటు కింది నుంచి దుప్పట్లు తీసింది, ఉన్ని మేజోళ్ళు తీసింది, ఫ్లాస్కులో వేడి పళ్ళరసం తీసింది. ఒకాయన నవ్వి, "రోజూ ఇవన్నీ మోస్తావా?" అన్నాడట. "ఏ రోజు చెడిపోతుందో ఈ బండి నాకు ముందు చెప్పదుగా" అన్నదట ఆమె. ఆ కబురు చెప్పింది నాకు ఆమె కాదు, ఆ బస్సులో ఉన్న మా పోస్టాఫీసు సహోద్యోగి. వదిన తన గురించి తాను చెప్పుకోగా నేను వినలేదు.

కౌకో గుండెజబ్బుతో పోయాడు. ఆ మీద మూడేళ్ళు తిరక్కుండానే వదిన మూత్రపిండాలు పనిచేయడం మానేశాయి. వాళ్ళమ్మ వైపు నుంచి వచ్చిన జబ్బు. బస్సు వదిలేయక తప్పలేదు. వారానికి మూడుసార్లు ఆస్పత్రికి వెళ్ళి, చేతికి సూదులు పెట్టించుకుని, రక్తమంతా యంత్రంలోంచి తిరిగొచ్చేదాకా నాలుగేసి గంటలు కుర్చీలో పడుకోవాలి. తాగే నీళ్ళు కప్పులతో కొలుచుకోవాలి. అరటిపండు, నారింజ, టమాటా, బంగాళాదుంప, ఉప్పు, ఒకటేమిటి, నోటికి రుచైనవన్నీ దూరం పెట్టాలి. ఎలా ఉందని ఎవరైనా అడిగితే, "ఇంజను బయట పెట్టుకుని తిరుగుతున్నా" అనేది.

అలాంటి మనిషి ఒక ఆదివారం మా ఇంట్లో భోంచేస్తూ, "హిల్కా, వసంతంలో స్పెయిన్ వెళ్దాం వస్తావా?" అని అడిగింది.

నేను చేతిలో ఫోర్కు కింద పెట్టేశాను. "స్పెయిన్‌లో ఏముంది నీకు?"

"రోండా వెళ్ళే కొండదారి ఉంది."

డ్రైవర్ల విశ్రాంతి గదిలో ఎప్పటిదో ఒక క్యాలెండరు ఉండేదట. కొండ అంచున, పాములా మెలికలు తిరిగిన దారిలో ఒక ఎర్రబస్సు పైకి పాకుతున్న బొమ్మ. ఏడాది మారినా ఆ బొమ్మను ఎవరూ తీసేయలేదు. పాతికేళ్ళకు పైగా ఆమె ప్రతిరోజూ ఆ బొమ్మ ఎదురుగా కూర్చుని కాఫీ తాగింది.

"మన దగ్గర మలుపంటే ఏముంది? సరస్సు అడ్డొస్తే స్టీరింగు తిప్పుతాం. అక్కడ వాళ్ళు రోజూ ఎలా తిప్పుతారో ఒక్కసారి చూడాలి" అన్నది.

"పిచ్చా వదినా నీకు? నీ పేరు మార్పిడి జాబితాలో ఉంది. దేశం దాటితే ఆ వారమంతా నిన్ను పక్కన పెట్టేస్తారు. సరిగ్గా ఆ వారమే నీకు సరిపోయే మూత్రపిండం వచ్చిందనుకో?"

"వచ్చిందనుకుందాం. ఏ వారమూ రాలేదనీ అనుకుందాం."

"అలా అనకు."

"అననులే. కాని ఫోను మోగుతుందేమోనని చూస్తూ కూర్చోడం కూడా ఒక బతుకేనా పిల్లా? నేను ఎదురుచూసేది బతకడానికే గదా. ఆ ముసలి బస్సులు ఎప్పటికీ అక్కడే తిరుగుతాయా?"

రెండు రోజులు పోయాక వస్తానన్నాను.

అప్పటి నుంచి ఆమె సన్నాహాలు చూడాలి. డాక్టరమ్మ సారికివి మొదట తల అడ్డంగా ఊపింది. వదిన ఏమీ వాదించలేదు, "వెళ్ళాలంటే ఏమేం కావాలో చెప్పండి చాలు" అన్నది. సముద్రతీరంలో ఫ్వెన్‌హిరోలా అనే ఊరుంది. ఫిన్లాండు ముసలివాళ్ళు సగంమంది చలికాలం గడిపేది అక్కడే. ఆ ఊళ్ళో యంత్రాలున్న క్లినిక్కుకు చాలా ముందుగానే రాసి సోమ, బుధ, శుక్రవారాలకు కుర్చీ పట్టుకుంది. వాళ్ళడిగిన రక్తపరీక్షలన్నీ చేయించింది. జబ్బు వివరాలు, సూదుల వివరాలు, మందుల మోతాదులు స్పానిష్‌లో రాయించి ఒక ప్రతి తన చేతిసంచిలో, ఇంకో ప్రతి నా సంచిలో పెట్టింది. మందులు రెండు భాగాలు చేసింది, పైన ఒక వారానికి సరిపడా అదనంగా. ఏ సంచీ విమానం పొట్టలోకి వెళ్ళకూడదన్నది. "పెట్టె పోతే బట్టలు కొనుక్కోవచ్చు. ఇవి పోతే వెతుక్కుంటూ తిరగాలి."

బీమా కంపెనీకి ఫోను చేసినప్పుడు నేను పక్కనే ఉన్నాను.

"తిరుగు విమానం వెళ్ళకపోతే అక్కడ అదనంగా చేయించుకునే డయాలసిస్ సంగతేమిటి?" అని అడిగింది.

అవతలి కుర్రాడు నవ్వాడు. "ఎందుకు వెళ్ళదండీ?"

"వెళ్ళదనలేదు బాబూ. వెళ్ళకపోతే అన్నాను."

కుర్రాడు పైవాళ్ళను కనుక్కుని మళ్ళీ ఫోను చేయాల్సి వచ్చింది. తరువాత ఆమె క్లినిక్కుకు ఇంకోసారి రాసి, తిరుగు ప్రయాణం తరువాతి సోమవారానికి కూడా ఒక కుర్చీ రాయించుకుంది. అవసరం లేకపోతే శనివారమే చెప్పి వదిలేస్తానన్నది. నాకు విసుగొచ్చింది. "వదినా, మనం వెళ్ళేది స్పెయినా, ఉత్తర ధ్రువమా?" అన్నాను. "ఉత్తర ధ్రువమైతే నిన్ను తీసుకెళ్ళను. దారంతా సణుగుతావు" అన్నది.

సాయంత్రాలు క్యాసెట్టు పెట్టుకుని స్పానిష్ నేర్చుకుంది. అందరూ నేర్చుకునే నమస్కారాలు, ధన్యవాదాలు తరువాత. ముందు నేర్చుకున్నవి "ఉప్పు వెయ్యొద్దు", "సూదులు పెట్టే ఈ చేతికి రక్తపోటు చూడొద్దు", "నా పక్కనున్నావిడను పిలవండి". ఆ మూడో మాట విన్నాక నేను సణుగుడు తగ్గించాను.

ఏప్రిల్‌లో వెళ్ళాం. మొదటి సోమవారం క్లినిక్కులో ఎంకార్న అనే నర్సు వదిన కాగితాలు చదివి, ఆమె వైపు ఓసారి చూసి, నాతో ఇంగ్లీషులో, "మీ వదిన ఇంతకు ముందు ఏం చేసేవారు?" అని అడిగింది. బస్సు నడిపేదన్నాను. "అలాగైతే నేనూ ఆ బస్సు ఎక్కుతాను" అంది ఎంకార్న. నేను మా భాషలోకి మార్చి చెబితే వదినకు చెవుల దాకా ఎర్రబడింది.

మంగళవారం రోండా బస్సు ఎక్కాం. వదిన ముందు సీటే కావాలని స్టాండులో అందరికంటే ముందు నిలబడింది. సముద్రాన్ని వదిలి కొండ ఎక్కడం మొదలయ్యాక ఆమె నాతో మాట్లాడనే లేదు. ఒక పక్క రాతిగోడ, ఇంకో పక్క ఏమీ లేదు. మలుపు వచ్చినప్పుడల్లా ఆమె కుడికాలు అక్కడ లేని బ్రేకును తొక్కుతోంది. చేతులు ఒళ్ళో చక్రం తిప్పుతున్నాయి. డ్రైవరు అద్దంలో అది చూసి నవ్వాడు. పైనుంచి లారీ వస్తే మా బస్సు వెనక్కి జరిగి దారిచ్చింది. అప్పుడు వదిన, "చూశావా? ముందే చూశాడు. లారీ కనబడకముందే వేగం తగ్గించాడు" అన్నది, ఏదో పెద్ద పాటగాణ్ణి విన్నదానిలా. నేను కళ్ళు మూసుకునే ఉన్నాను. ఊరు చేరాక ఆమె ఆ డ్రైవరు దగ్గరికి వెళ్ళి తన పాత డ్రైవరు బిళ్ళ చూపించింది. అతను లేచి నిలబడి చెయ్యి కలిపాడు. ఇద్దరూ భాష లేకుండానే బ్రేకుల గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు. రోండాలో లోయ మీద ఉన్న పెద్ద వంతెనను జనం ప్రపంచం నలుమూలల నుంచి వచ్చి చూస్తారు. వదిన దాన్ని ఓసారి చూసి, "బాగుంది. పద, తిరుగు బస్సుకు ముందు నిలబడాలి" అన్నది.

గురువారం ఐస్‌లాండులో అగ్నిపర్వతం కక్కిన బూడిద ఉత్తరాకాశమంతా కమ్మింది. ఒక దేశం తరువాత ఒక దేశంలో విమానాలు ఆగిపోయాయి. శనివారం మేం ఎక్కాల్సిన విమానం లేదన్నారు. మళ్ళీ ఎప్పుడో కూడా చెప్పలేమన్నారు. హోటలు కింది హాల్లో జనం ఫోనుల్లో అరుస్తున్నారు. వదిన నన్ను కూర్చోబెట్టి, మందులు లెక్క చూసుకుంది, గదిని ఇంకో వారానికి అడిగి పెట్టింది, బీమా వాళ్ళకు ఫోను చేసింది, సారికివి డాక్టరమ్మకు కబురు పంపింది. అన్నీ అయ్యాక, "పద, సముద్రం చూద్దాం. ఈ బూడిదను మనం ఊడవలేంగా" అన్నది.

సోమవారం క్లినిక్కుకు వెళ్ళేసరికి గుమ్మం పక్క బల్ల మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. మొహం ఉబ్బింది, పాదాలు బూట్లలో పట్టడం లేదు. ఊపిరి ఆయాసంగా ఉంది. ఎంకార్నతో ఫిన్నిష్‌లోనే ఏదో చెబుతున్నాడు, ఆమెకు అర్థం కావడం లేదు. పేరు టైస్తో. ఫిన్లాండులోనే ఉత్తరాన ఉన్న ఓలు అనే ఊరి నుంచి వచ్చాడు, రంపపు మిల్లులో పనిచేసి రిటైరయ్యాడు. ఆయనకు చివరి డయాలసిస్ ఇదే క్లినిక్కులో గురువారం. మరునాడే ఇంటికి వెళ్ళాల్సినవాడు. శనివారం పెద్దాస్పత్రికి వెళితే పరీక్షలు చూసి, ఇంకా ఆగొచ్చు, ముదిరితే రమ్మన్నారట. మాత్రలు ప్రయాణానికి సరిపడానే తెచ్చుకున్నాడు, అవీ అయిపోయాయి.

"ఇంతవరకు ఎప్పుడూ విమానం ఆగలేదు తల్లీ" అన్నాడు వదినతో, తప్పు చేసినవాడిలా.

"మీరు ఆపారా ఏంటి? కూర్చోండి" అన్నది వదిన.

ఎంకార్న రెండు చేతులూ చాచింది. "ఒక్క కుర్చీ కూడా ఖాళీ లేదు. ఆయన్ని మళ్ళీ పెద్దాస్పత్రికే పంపాలి. అక్కడ ఈ పూట ఎంతసేపు కూర్చోబెడతారో నేను చెప్పలేను."

వదిన నా వైపు తిరిగింది. "అడుగు. నా కుర్చీలో నాకు సగం, ఆయనకు సగం కుదురుతుందా అని."

"వదినా!" అన్నాను.

"అడగమన్నానా లేదా?"

అడిగాను. ఎంకార్న డాక్టరును పిలిచింది. ఆయన ఇద్దరినీ పరీక్షించి, ఇద్దరి రక్తమూ చూసి, చివరికి ఒప్పుకున్నాడు. టైస్తో ముందు, వదిన తరువాత. ఎవరికీ నాలుగు గంటలూ పూర్తిగా కాదు. బుధవారం దాకా ఇద్దరూ నీళ్ళు ఇంకా తగ్గించాలి, పథ్యం గట్టిగా పాటించాలి. ఆయాసం వస్తే ఏ వేళైనా నేరుగా పెద్దాస్పత్రికి పరిగెత్తాలి. వదిన అన్నిటికీ తలూపింది. నాకు మాత్రం ఆ డాక్టరు మీదా, టైస్తో మీదా, అందరికంటే ఎక్కువ వదిన మీదా కోపంగా ఉంది. పరాయివాడి కోసం తన ప్రాణంలో సగం తెగ్గోసి ఇస్తుందా? టైస్తో లోపల ఉండగా అదే అన్నాను.

"నేను ముందే కుర్చీ పట్టుకున్నాను, ఆయన పట్టుకోలేదు. దానికి ఇంత శిక్షా?" అన్నది ఆమె. తరువాత గొంతు తగ్గించి, "నాకూ గుబులుగానే ఉంది హిల్కా. ఊరికే నా చెయ్యి పట్టుకో" అన్నది. నేను పట్టుకున్నాను. ఆ చేతిలో, సూదుల కోసం ఆపరేషను చేసి కలిపిన నరం ఎప్పటిలాగే గుయ్యిమంటోంది.

టైస్తో బయటికి వచ్చి వదిన లోపలికి వెళ్ళాక కూడా ఆమె బుర్ర ఊరుకోలేదు. యంత్రానికి కట్టి ఉండగానే నన్ను పిలిపించింది.

"ఎంకార్నను అడుగు. బుధవారం కుర్చీలు ఎవరెవరివి? అన్నీ ఈ ఊరివాళ్ళవేనా?"

కాదంది ఎంకార్న. కొన్ని సెలవులకు వచ్చేవాళ్ళవి. ఇంగ్లాండు నుంచి ఒకావిడ, జర్మనీ నుంచి ఇద్దరు రావాలి.

"ఏం ఎక్కి వస్తారు?" అని అడిగింది వదిన. "మమ్మల్ని తీసుకెళ్ళలేని విమానాలు వాళ్ళనెలా తెస్తాయి?"

ఎంకార్న నుదురు కొట్టుకుంది. మూడు రోజులుగా ఫోను మీద ఫోను, ఆ ఆలోచనే రానంత హడావిడి. వాళ్ళెవరూ రామని చెప్పలేదు గనక కుర్చీలు అలాగే రాసి ఉన్నాయి. అప్పటికప్పుడు ఫోన్లు చేసింది. ఇంగ్లాండావిడ ఇంట్లోనే ఉంది, తన ఊళ్ళోనే చేయించుకుంటానంది. జర్మనీవాళ్ళలో ఒకరు దొరికారు, రావడం లేదు. ఎంకార్న పరుగున వచ్చి రెండు వేళ్ళు చూపించింది. వదినకు మార్చి చెప్పాల్సిన పని లేకపోయింది.

ఇక మిగిలింది బుధవారం దాకా బతకడం. అది మాటలతో చెప్పినంత తేలిక కాదు. ఎండ బాగా కాసింది. హోటల్లో పొద్దుటి ఫలహారాల బల్ల మీద నారింజలు, టమాటాలు, ఉప్పు మాంసం గుట్టలుగా పోసి ఉన్నాయి. మేం ముగ్గురం ఉత్త రొట్టె, కాస్త వెన్న తెచ్చుకుని మూల కూర్చున్నాం. వదిన, టైస్తో ఎప్పుడైనా ఒక మంచుముక్క నోట్లో వేసుకుని చప్పరించేవాళ్ళు, అదే వాళ్ళ నీళ్ళు. టైస్తో కళ్ళు పక్క బల్ల మీది నారింజరసం వైపు పోయేవి.

"అలా చూడకండి పెద్దమనిషీ. చూపుతోనే ఒళ్ళు ఉబ్బుతుంది" అనేది వదిన.

"కళ్ళు కూడా కొలిచి వాడాలా తల్లీ?"

"మీ కళ్ళు గంపెడు తాగేలా ఉన్నాయి."

ఆయన నవ్వితే దగ్గొచ్చేది. క్లినిక్కు డాక్టరు రాసిచ్చిన చీటీతో వదిన ఆయన్ని మందుల షాపుకు నడిపించుకు వెళ్ళింది. ఓలు ఆస్పత్రికి నా చేత ఫోను చేయించి ఆయన మిగతా వివరాలన్నీ క్లినిక్కుకు తెప్పించింది. మంగళవారం సాయంత్రానికి వదిన మొహం కూడా ఉబ్బింది. మెట్లెక్కడానికి రెండుసార్లు ఆగింది. నేనేమైనా అంటానేమోనని, "సణక్కు" అని ముందే చెప్పింది. నేను సణగలేదు. ఆమె మంచం పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

బుధవారం ఇద్దరికీ చెరో కుర్చీ, నిండుగా నాలుగు గంటలు. బయటికొచ్చేసరికి ఇద్దరి మొహాల్లో రంగు తిరిగింది. టైస్తో వదిన రెండు చేతులూ పట్టుకున్నాడు. ఓలు వైపు మగవాళ్ళకు ధన్యవాదాలు చెప్పడం బొత్తిగా అలవాటుండదు. "సరే మరి" అన్నాడు. "సరే మరి" అన్నది వదిన. శుక్రవారం ఇంకోసారి చేయించుకుని, ఆ మర్నాటి విమానానికి ముగ్గురం ఇంటికి చేరాం.

మేం లేని ఆ రోజుల్లో ఆమెకు సరిపోయే మూత్రపిండం ఏదైనా వచ్చి ఉంటుందా? నన్ను ఆ ప్రశ్న చాలా కాలం వేధించింది. వదిన డాక్టరమ్మను అడగలేదు, నన్ను అడగనివ్వలేదు. ఆ మరుసటి ఏడు నవంబరులో, వానా మంచూ కలిసి కురుస్తున్న ఒక మధ్యాహ్నం ఫోను వచ్చింది. మార్పిడి బాగా జరిగింది. కోలుకునేటప్పుడు టైస్తో ఓలు నుంచి రైల్లో వచ్చి చూశాడు. వయసు, గుండె చూసి ఆయనకు మార్పిడి కుదరదన్నారు. మంచం పక్కన టోపీ తిప్పుకుంటూ కూర్చుని, "నిజం చెప్పాలంటే అసూయగా ఉంది తల్లీ" అన్నాడు.

"ఉండాలి మరి. లేకపోతే అబద్ధమనుకునేదాన్ని" అన్నది వదిన. ఇద్దరూ నవ్వారు. కుట్లు నొప్పెట్టి వదిన నవ్వాపుకోలేక తిట్టింది. ఆయన ఇంకో మూడేళ్ళు బతికాడు. ఆ మూడేళ్ళలో రీగా ఒకసారి, కోపెన్‌హాగెన్ ఒకసారి వెళ్ళొచ్చాడని ఆయన కూతురు చెప్పింది.

వదినకు ఇప్పుడు డెబ్భై ఆరు. నా పైవాటాలోనే ఉంటుంది. గురువారాలు డయాలసిస్ వార్డుకు వెళ్ళి, ఎక్కడికైనా పోవాలని ఆశపడేవాళ్ళ పక్కన కూర్చుంటుంది. ఏ కాగితం ఎవరినడగాలి, ఏ మందు ఏ సంచిలో ఉండాలి, ఎక్కడ ఎవరికి ఫోను చేయాలి, విసుక్కోకుండా చెబుతుంది. వెళ్ళగూడని స్థితిలో ఉన్నవాళ్ళకు ఆ మాటా మొహం మీదే చెబుతుంది. కొందరికి కోపాలొస్తాయి.

పోయిన వారం ఆ వార్డుకొచ్చే తూలిక్కి అనే ఆవిడ, కుట్టుపని చేసే మనిషి, ఫ్రాన్సులో లియోన్‌లో ఉన్న అక్క దగ్గరికి వెళ్ళొచ్చింది. చాక్లెట్ల పెట్టె పట్టుకుని తిన్నగా మా ఇంటికొచ్చింది. ఏమీ జరగలేదట. విమానం వేళకే వెళ్ళింది, కుర్చీ సిద్ధంగా ఉంది, అక్క వంట మాత్రం చప్పగా ఉందట. వదిన కుర్చీ ముందుకు జరుపుకుని, ఆ ఏమీ జరగని ప్రయాణాన్ని బయల్దేరిన దగ్గర్నుంచి ఒక్క ముక్క వదలకుండా చెప్పించుకుంది. నేను మళ్ళీ కాఫీ పెట్టాను.